ఎడమకి తిరిగిన అంచుగీత

క్లబ్బులో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. పొద్దస్తమానం ఎవరో రాసినదాంట్లో తప్పులు వెతికి వెతికి ఆ కళ్ళకి వేరే పని చేతకాకుండా పోయింది. హోటలుకి తీసుకెళ్తే ఏం తిందామా అని కాదు, మెనూలో అచ్చుతప్పు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తాడు. కొత్త చొక్కా వేసుకుని ఎదురుపడితే, ఆ గుండీ దారం రంగు తేడాగా ఉందేమిటంటాడు. చెడ్డవాడు కాదు పాపం, అడిగితే లేదనకుండా సాయం చేసే మనిషే. కానీ ఆ చూపు పడ్డచోట అవతలివాడికి దురద పుడుతుంది, ఏం చేస్తాం.

అందుకే ఆయనకి స్నేహితులు నిలవలేదు. మిగిలింది ఇద్దరే. ఒకరు భార్య, ఇంకొకరు ఆ భార్యకి అన్నయ్య. భార్య కిటికీ తెరలు కుట్టే షాపులో కత్తిరింపు పని చేస్తుంది. ఎడమచేతి వాటం మనిషి, కత్తెర కూడా ఎడమచేతిదే వెతికి కొనుక్కుంది. అన్నయ్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు, రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటాడు. ఈ మగవాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు బావా బావా అని పిలుచుకుంటూంటే ఎవరిని ఎవరు పిలిచారో కొత్తవాళ్ళకి తెలియదు. మనం మాత్రం ఈయన్ని భూతద్దం అనీ ఆయన్ని బావ అనీ అనుకుందాం, గొడవ లేకుండా.

ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి భూతద్దం ఇంటి ముందుగదిలో, బల్ల దగ్గర ఇద్దరూ చేరేవారు. బల్ల నిండా బొమ్మ ట్యాంకులు. పిల్లల ఆటవస్తువులు అనుకుంటే అనుకోండి గానీ వాళ్ళ ముందు అనకండి. పెద్దవాళ్ళు బల్ల మీద పరిచి యుద్ధం ఆట ఆడుకునే బొమ్మలవి. వేలెడంత ట్యాంకుని ముక్కముక్కా అతికించి, రంగులేసి, దాని మీద ఒక మనిషి నెల్లాళ్ళు కూర్చుంటాడంటే అర్థం చేసుకోండి.

అందులో అసలు పని అంచుగీత. నిజం ట్యాంకు మీద ఎండ పడితే రేకు అంచులు వాటంతటవే మెరుస్తాయి. వేలెడంత బొమ్మకి ఆ మెరుపు రాదు, ప్రతి అంచు వెంటా లేతరంగు గీత మనమే గియ్యాలి, తలవెంట్రుక మందాన. కుంచె మొన ఆనిస్తే చెడుతుంది. కుంచెని పక్కవాటంగా అంచు మీద వాల్చి ఒక్క లాగు లాగాలి. రంగు పలచనైతే కిందకి కారుతుంది, చిక్కనైతే గట్టు కడుతుంది. ఊపిరి బిగబట్టి లాగి, చివర్న కుంచె ఎత్తేస్తే గీత సన్నబడి ఆగిపోతుంది. ఆ సన్నబడ్డ చివరని వీళ్ళు తోక అంటారు.

బల్లకి ఎడమ మూల ఒక దీపం బిగించి ఉండేది. కుడిచేత్తో గీసేవాళ్ళకి వెలుతురు ఎడమ పక్కనుంచే రావాలి, లేకపోతే చేతి నీడ వచ్చి గీత మీదే పడుతుంది. ఆ ఒక్క దీపం కింద భుజాలు రాసుకుంటూ ఏళ్ళ తరబడి గీశారు. కుంచెలు కడుక్కోవడానికి రెండు పాత కప్పులు, చెవి విరిగింది బావది, బీట తీసింది భూతద్దానిది. మాటలు తక్కువ. వారమంతా జనం తనని చూసి తప్పుకు తిరిగినా భూతద్దానికి లెక్కలేదు, ఆదివారం ఆ బల్ల ఉంది కదా అని. అది కాస్తా పోతే ఆయనకి ఇంకేమీ లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

అలాంటిది ఈ వానాకాలం మొదట్లో ఒకరోజు బావ వచ్చి, కూర్చోకుండానే, "ఇక్కడ వెలుతురు నాకు సరిపోవట్లేదు బావా. క్లబ్బులో ట్యాంకుల పోటీ దగ్గరికొస్తోంది కదా, నావి ఇంట్లోనే గీసుకుంటాను" అన్నాడు.

"ఇన్నేళ్ళూ సరిపోయిన వెలుతురుకి ఇప్పుడేమొచ్చింది?"

"కళ్ళకి వయసొస్తోందిగా" అని నవ్వి, తన రంగుసీసాలు ఒక్కొక్కటే తీరిగ్గా సంచిలో వేసుకున్నాడు. ఆ సర్దినంతసేపూ కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. చేస్తున్నది తన పని కాదన్నట్టు, పెద్దమనిషి తీరులో. చెవి విరిగిన కప్పు మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళాడు.

భూతద్దానికి ఒళ్ళు మండింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేవాడు కళ్ళకి వయసొచ్చిందంటే నమ్మేవాడు ఎక్కడైనా ఉంటాడా? అద్దం మార్చుకుంటే పోలా? ఇది వెలుతురు సంగతి కాదు, ఏదో ఉంది. ఏదో ఉందని ఒకసారి అనుకున్నాక ఆయన సంగతి మీకు తెలిసిందేగా, ఇక అన్నం సహించదు.

ఆరా తియ్యడం మొదలుపెట్టాడు. ప్రెస్సు నుంచి వస్తూ కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఆగాడు. ఎప్పుడూ వెనకగదిలో మిషను దగ్గర వంగి ఉండే బావ, ఇస్త్రీ చొక్కాతో ముందు కౌంటర్లో నిలబడి ఎవరికో ఫ్రేములు చూపిస్తున్నాడు.

"ఏమిటి బావా, పదవి పెరిగిందా? మాకు చెప్పనే లేదు."

"ఆఁ, అదే, కొన్నాళ్ళు ఇటు చూడమన్నారు" అని బావ నీళ్ళు నమిలాడు. చెయ్యి కలపబోతే, ఎడమచేత్తో భుజం తట్టి సరిపెట్టాడు.

ఓహో, అలాగా అనుకున్నాడు భూతద్దం. మనిషికి హోదా వచ్చింది, మనం కంటికి ఆనడం లేదు.

అంతవరకూ అయితే కోపంతో పోయేది. కానీ ఆ వారమే భార్య, సాయంత్రాలు షాపు నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అడిగితే "అన్నయ్య దగ్గరికెళ్ళాను, చొక్కాలకి గుండీలు మార్చాలన్నాడు" అంది. మర్నాడూ గుండీలే. వారం తిరిగినా గుండీలే. ఆ మనిషికున్నవే నాలుగు చొక్కాలు, ఎన్ని గుండీలుంటాయి? పైగా ఒకరోజు ఆమె నీళ్ళ గ్లాసు అందిస్తూంటే ఎడమచేతి చూపుడువేలి గోరు పక్కన ఆకుపచ్చ మరక కనిపించింది. లేత ఆకుపచ్చ. అంచుగీతకి తప్ప ఇంకెందుకూ పనికిరాని రంగు అది, బావ సొంతంగా కలుపుకునేది.

"అదేమిటి వేలికి?"

"ఏదీ?" అని చూసుకుని, వేలిని కొంగుతో గట్టిగా తుడిచేసింది. "తెరగుడ్డ రంగు అంటుకుని ఉంటుంది."

ఆవిడకి అబద్ధమాడటం రాదు. ఇన్నేళ్ళ కాపురంలో రాని విద్య ఇప్పుడు రమ్మంటే వస్తుందా, చెవులు ఎర్రబడిపోయాయి. అప్పుడే నిలదీస్తే పోయేది. ఆయన నిలదియ్యలేదు. ప్రూఫు దిద్దేవాడు తప్పు దొరగ్గానే అరవడు, పేజీ మొత్తం చూసి గుర్తులు పెట్టుకుని అప్పుడు చెబుతాడు. అదే తెలివి ఇంట్లోనూ చూపించాడు మహానుభావుడు.

మర్నాడు సాయంత్రం ప్రెస్సులో తలనొప్పని చెప్పి ముందే బయల్దేరి, బావ ఇంటి పక్కసందులోకి వెళ్ళాడు. కిటికీ తెర సగమే మూసి ఉంది. లోపల బల్ల, బల్ల మీద దీపం. దీపం ముందు వీపు ఇటు పెట్టి కూర్చున్నది తన భార్యే. ఎడమచేతిలో కుంచె. ట్యాంకు మీదకి వంగి, మెల్లగా ఒక్క లాగు లాగి, తల పక్కకి వంచి చూసుకుంది. పక్కన బావ, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, తాపీగా చూస్తున్నాడు.

భూతద్దం గోడ పక్కకి తప్పుకున్నాడు. తలుపు కొట్టలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, వానలో తడుస్తూ ఇల్లు చేరాడు. తను ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని గీస్తుంటే ఏనాడూ కుంచె ముట్టని మనిషి. రంగు వాసన పడదన్న మనిషి. అన్నయ్యకి పోటీలో గెలుపు కప్పు రావాలని దొంగచాటుగా గీసిపెడుతోంది. ఆయన హోదాగా జేబులో చెయ్యి పెట్టుకుని గీయించుకుంటున్నాడు. తనకున్నదే ఇద్దరు, ఆ ఇద్దరూ కలిసి తనని వెర్రివాణ్ణి చేశారు. ఆ మాట అనుకునేసరికి ఆయనకి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది.

పోటీ రోజు రానే వచ్చింది. సైకిలు షాపు పైనున్న పొడుగాటి గది వీళ్ళ క్లబ్బు. కింద రబ్బరు వాసన, పైన రంగుల వాసన. నియమం ఒక్కటే, ఎవరి ట్యాంకులు వాళ్ళే గియ్యాలి, ఇంకో చెయ్యి పడకూడదు. తీర్పు చెప్పేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. చివరి వరసలో కుర్చీలో భూతద్దం భార్య కూడా ఉంది. ఏ ఏడూ రాని మనిషి ఈ ఏడు తనే అడిగి మరీ వచ్చింది. వస్తుంది మరి, తన పని తను చూసుకోవద్దూ, అనుకున్నాడాయన.

బావ ట్యాంకులు కిటికీ పక్క బల్ల మీద ఉన్నాయి. భూతద్దం జేబులోంచి అసలు భూతద్దం తీసి, వంగి, ఒక్కో అంచూ చూశాడు. గీతలు సన్నగా, తిన్నగా ఉన్నాయి. మూలల దగ్గర ఇంకా లేతరంగు చుక్క, ఉండాల్సినంతే. తప్పు పట్టడానికి వీల్లేదు. కానీ ప్రతి గీతకీ తోక ఎడమవైపుంది.

ఇది బయటివాళ్ళకి పట్టే విషయం కాదు. కుడిచేతి వాటం వాడు కుంచెని కుడివైపుకి లాగుతాడు, గీత కుడి చివర సన్నబడుతుంది. ఎడమచేతి వాళ్ళు ఎడమకి లాగుతారు, తోక ఎడమకి తేలుతుంది. ట్యాంకుని తలకిందులుగా పట్టుకుని గీస్తే తోక మారొచ్చు, ఆ మాటా ఆలోచించాడు. కానీ బావ ట్యాంకుని సీసామూతకి అతికించి నిలువునా పట్టుకుని గీస్తాడు, జన్మలో తిప్పి ఎరగడు. ఇక సందేహమేముంది? కళ్ళారా చూసింది ఒకటి, ఇప్పుడు సాక్ష్యం ఇంకొకటి.

డ్రాయింగు మాస్టారు అన్నీ చూసి వచ్చి, బావ బల్ల దగ్గరే ఆగి, తల ఊపాడు. "ఈ ఏడు ఇవేనయ్యా" అన్నాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ."

గది అంతా ఇటు తిరిగింది. భూతద్దం గొంతు సవరించుకున్నాడు. వారాల తరబడి కడుపులో పెట్టుకున్నది ఒక్కసారిగా పైకొచ్చింది.

"గీతలు బాగున్నాయి. వాటిలో తప్పేమీ లేదు, నేనే చెబుతున్నాను. కానీ ఇవి మా బావ గీసినవి కావు."

కుర్చీలు కిర్రుమన్నాయి. బావ మొహం పాలిపోయింది, కానీ గొంతు నెమ్మదిగానే ఉంది. "మరెవరివి బావా?"

"ఎడమచేతి వాళ్ళవి. తోకలు చూడండి మాస్టారూ, అన్నీ ఎడమకే. మా బావది కుడిచెయ్యి, ఈ గదిలో అందరికీ తెలుసు. ఎడమచెయ్యి ఎవరిదో నా నోటితో నేను చెప్పను."

చెప్పనంటూనే చెప్పేశాడు. అందరి తలలూ చివరి వరస వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది. చెవులు ఎర్రబడలేదు ఈసారి, కళ్ళు ఎర్రబడ్డాయి. నోరు తెరవబోయింది.

"నువ్వు కూర్చోవే అమ్మాయ్" అన్నాడు బావ. "నా చెయ్యి సంగతి నేను చెప్పుకుంటాను."

జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టాడు గానీ అది కుదురుగా లేదు. బొటనవేలూ చూపుడువేలూ వాటి మానాన అవి వణుకుతున్నాయి, బల్ల మీదున్న ట్యాంకులు కూడా సన్నగా అదురుతున్నాయి. ఎడమచేత్తో దాన్ని నొక్కిపెట్టాడు. అయినా ఆగలేదు.

"వేసవి నుంచీ ఇంతే. అద్దాలు బిగించలేకపోతున్నానని దుకాణంలో నన్ను కౌంటరుకి మార్చారు. డాక్టరు తగ్గదన్నాడు. పెరుగుతుందనీ అన్నాడు. ఎవరైనా ఒక కుంచె ఇవ్వండి."

మాస్టారే ఇచ్చాడు. ఎవరో గీతలు గియ్యని ట్యాంకు ఒకటి తెచ్చి ముందు పెట్టారు. బావ కుర్చీ లాక్కుని, కిటికీ వెలుతురు కుడిపక్క నుంచి పడేట్టు తిరిగి కూర్చున్నాడు. ఎడమచేత్తో కుంచె పట్టుకుని, రంగు ముంచి, కాగితం మీద ఒకసారి తుడిచి, అంచు మీద పక్కవాటంగా వాల్చాడు. గదిలో అందరూ ఆయనతో పాటే ఊపిరి బిగబట్టారు. ఒక్క లాగు. గీత తిన్నగా వెళ్ళి, ఎడమ చివర సన్నబడి ఆగింది.

భూతద్దానికి తల తీసేసినట్టయింది. తప్పు పట్టుకునే మనిషి ఇంత సాదా సంగతి చదవలేకపోయాడు. గీత ఏ చేత్తో గీశారో చెప్పింది గానీ ఏ మనిషి గీశాడో చెప్పలేదు. మనిషి పేరు తనే రాసేసుకున్నాడు. ఆ సాయంత్రం కిటికీలోంచి చూసిందేమిటో ఇప్పుడు అర్థమైంది. ఆమె గీసిపెట్టడం లేదు. షాపులో గుడ్డల మీద గీతలు లాగిన అలవాటుతో, ఎడమచేత్తో ఎలా లాగాలో అన్నయ్యకి చూపిస్తోంది. దానికోసం పడని రంగు వాసన పీల్చుకుంటూ కూర్చుంది.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా బావా?" అన్నాడు.

బావ కుంచె కడిగి పక్కన పెట్టాడు. "నీకొక్కడికే చెప్పొద్దన్నాను చెల్లితో. నువ్వు గీతలో తప్పు చూస్తే నాకు ముచ్చటే, ఇన్నేళ్ళూ దానివల్లే నా గీత బాగుపడింది. కానీ నీ చూపు ఈ చేతి మీద పడితే నేను తట్టుకోలేను. ప్రతి ఆదివారం నా పక్కన కూర్చుని, నిన్నటికంటే ఎంత ఎక్కువ వణికిందో కొలుస్తావు. అనవు, కానీ కొలుస్తావు."

నిజమే. కొలిచేవాడే.

"ముందు ఈ గీతలు నీ కంటి ముందు నిలబడితే చాలనుకున్నాను. నువ్వు చూసి ఏమీ అనకపోతే, అప్పుడు నేనే వచ్చి చెబుదామని." బావ లేచాడు. "తప్పేమీ లేదన్నావుగా. అంతవరకూ బాగానే ఉంది."

మాస్టారు ఏదో అంటున్నా వినకుండా బావ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె అన్నయ్య వెనకే వెళ్ళింది. గదిలో ఉన్నవాళ్ళందరూ ఎవరి ట్యాంకులు వాళ్ళు సర్దుకోవడంలో పడ్డారు, ఒక్కరూ భూతద్దం వైపు చూడలేదు.

ఆ వారం ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మొహం చూడలేదు. ఆయన బావ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి, లోపల అలికిడి వినిపిస్తున్నా తియ్యకపోతే, కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. చివరికి ఒక పూట ఆమే నోరు విప్పింది.

"నన్ను అడిగుంటే చెప్పేసేదాన్ని. అన్నయ్య వద్దన్నా సరే, చెప్పేసేదాన్ని. మీరు అడగలేదు. కిటికీలోంచి చూశారు."

"ఎవరు చెప్పారు?"

"అన్నయ్య ఇంటి పక్కసందులో ఎర్రబురద మీ చెప్పులకి అంటింది ఆ రోజు. నాకూ కళ్ళున్నాయి. చూశారు కాబట్టి అడుగుతారులే అనుకున్నాను, రేపు అడుగుతారు, ఎల్లుండి అడుగుతారు అని చూశాను."

ఆయన తన కంచం తనే తీసుకెళ్ళి కడిగి పెట్టాడు.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ముందుగదిలోకి వెళ్ళి, బల్ల ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ఇక్కడ వెలుతురు నాకు సరిపోవట్లేదు బావా. ఆ మాట మళ్ళీ చెవిలో పడ్డట్టయింది. సాకు అనుకున్నాడు ఇన్నాళ్ళూ. సాకు కాదది, ఉన్నమాటే. ఎడమ మూలనున్న దీపం ఎడమచేత్తో గీసేవాడికి నీడ తప్ప ఏమిస్తుంది? ఎదురుగా కూర్చుని నిజం చెప్పిన మనిషిని తను నమ్మలేదు. ఆ మనిషి చెప్పిన అబద్ధం ఒక్కటే, కళ్ళకి వయసొచ్చిందన్నది.

లేచి, స్క్రూడ్రైవరు తెచ్చి, దీపం బిగింపు విప్పాడు. తుప్పు పట్టి ఉంది, ఒక పట్టాన రాలేదు. విప్పి, కుడి మూలకి తీసుకెళ్ళి బిగించాడు. బావ కుర్చీ దాని వైపుకి జరిపాడు. తను ఎడమ పక్కకి మారి, ట్యాంకు ఒకటి తీసుకుని, కుంచె ముంచాడు. కుడిచేతి నీడ సరిగ్గా అంచు మీద పడింది. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడికి పోతోందో ఆయనకి కనిపించలేదు. వంకరగా వచ్చింది. తుడిచెయ్యలేదు. ఇంకోటి గీశాడు, అదీ అంతే.

గుమ్మంలో ఆమె ఎప్పుడొచ్చి నిలబడిందో ఆయన చూసుకోలేదు.

"మీకు కనిపించడం లేదుగా అలా పెడితే" అంది.

"నాకు ఇలాగే బాగుంది."

"అన్నయ్య వస్తానన్నాడా?"

"లేదు."

ఆమె కాసేపు దీపాన్ని చూసింది, వంకర గీతల్ని చూసింది. లోపలికి వెళ్ళింది. ఫోను మాట్లాడుతున్నట్టు వినిపించింది. "అన్నయ్యా, నేనే. ఏం లేదు. ఆయన దీపం కుడివైపుకి మార్చారు." అవతల ఏమన్నాడో ఇటు వినిపించలేదు.

కొళాయి తిప్పిన చప్పుడైంది. ఆమె వచ్చి, చెవి విరిగిన కప్పు కడిగి నీళ్ళు పోసి తెచ్చి, ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.